కేసు రాసే కలం మన చేతికి రావాలి

ఈ మధ్య ఒక పల్లెలో మీటింగు అయిపోయాక ఒక తల్లి మా దగ్గరకొచ్చి కూర్చుంది. "నాయనా, మా పిల్లోడు డిగ్రీ పాసయ్యాడు. కానిస్టేబులు పరీక్షకి కడతానంటున్నాడు. మీరేమో మైకు పట్టుకుంటే మన లాయర్లు కావాలి, మన జడ్జీలు కావాలి అంటారు. ఆ చదువేందో, ఎక్కడ చదవాలో, ఎంత ఖర్చవుద్దో ఒక్కసారన్నా చెప్పారా?" అని అడిగింది.

మేం అక్కడ పదిమందిమి ఉన్నాం. పదేళ్ళు, ఇరవై ఏళ్ళు ఉద్యమంలో తిరిగినవాళ్ళం. ఒక్కరం కూడా ఆమెకు సరైన జవాబు చెప్పలేకపోయాం. సిగ్గేసింది. ఈ నాలుగు మాటలూ ఆ తల్లికి మేం బాకీ పడ్డ జవాబు.

కేసు ఎన్ని చేతులు మారుతుంది?

పల్లెలో ఒక మనిషి దెబ్బలు తింటాడు. మనమంతా కదులుతాం. రాస్తారోకో చేస్తాం. ఎస్సై దిగొచ్చి కేసు కడతాడు. మనం గెలిచామనుకుని ఇళ్ళకు పోతాం. అసలు కథ అప్పుడే మొదలవుతుంది. ఆ కేసు స్టేషన్ రైటరు చేతిలోంచి డీఎస్పీ చేతికి పోతుంది. డాక్టరు సర్టిఫికెట్టు రాస్తాడు. లేబరేటరీలో రక్తపు మరకలు పరీక్షిస్తారు. పబ్లిక్ ప్రాసిక్యూటరు వాదిస్తాడు. జడ్జి తీర్పు రాస్తాడు. ఆ తర్వాత హైకోర్టు, ఆపైన సుప్రీంకోర్టు. ఇన్ని చేతుల్లో ఏ ఒక్క చెయ్యి వణికినా, ఏ ఒక్క చెయ్యి అమ్ముడుపోయినా కేసు పోయినట్టే.

మా అనుభవమే ఒకటి చెబుతాం. ఒక కుర్రాడిని నలుగురు చూస్తుండగా కులం పేరెత్తి తిట్టి కొట్టారు. మేం వాడిని తీసుకుని స్టేషనుకెళ్ళాం. బయట నినాదాలు. లోపల రైటరు కంప్లయింటు రాశాడు. "పాత గొడవలు మనసులో పెట్టుకుని కొట్టారు" అని రాశాడు. కులం పేరు లేదు. నలుగురు చూశారన్న మాట లేదు. కుర్రాడు సంతకం పెట్టాడు. మేం ఆ కాగితం చదవనే లేదు. జనం చూసేచోట తిట్టారన్నది రుజువైతేనే ఆ సెక్షను నిలబడుతుందని మాలో ఒక్కరికీ తెలీదు. తర్వాత కోర్టులో ఆ కాగితమే మా కేసుని మింగేసింది. తప్పు రైటరుదే. కానీ పక్కనే ఉండి చదవలేకపోయింది మేం.

పెద్ద కేసులు చూడండి. కారంచేడులో 1985 జూలై 17న ఆరుగురిని చంపారు. సుప్రీంకోర్టు చివరి తీర్పు 2008 డిసెంబరులో వచ్చింది. ఇరవై మూడేళ్ళు! చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని నరికి చంపారు. ఆ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టాలని బాధితులు ఏళ్ళ తరబడి కొట్లాడి సాధించుకున్నారు. తమకు నమ్మకమున్న బి. చంద్రశేఖర్ గారినే స్పెషల్ పబ్లిక్ ప్రాసిక్యూటరుగా వేయించుకున్నారు. 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు పడింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ విడుదల చేసింది. చనిపోయిన సమయం, స్థలం, ఎవరు ఎవరిని కొట్టారన్నది ప్రాసిక్యూషన్ రుజువు చేయలేకపోయిందని చెప్పింది. ఆ తీర్పు న్యాయమని మనం ఒప్పుకోం. కానీ ఒక్క సంగతి ఆలోచించండి. సమయం రాయాల్సింది ఎవరు? స్థలం పంచనామా చేయాల్సింది ఎవరు? గాయాలు లెక్కపెట్టాల్సింది ఎవరు? అవన్నీ ఎవరో ఒకరి ఉద్యోగాలు. ఆ కుర్చీల్లో మనవాళ్ళు ఎంతమంది ఉన్నారు?

చట్టం ఉంది. 1989లో చేశారు, 1990 జనవరి 30 నుంచి అమల్లోకి వచ్చింది. 2015లో సవరించి బలపరిచారు. 2018 మార్చి 20న సుప్రీంకోర్టు దాని కోరలు పీకితే దేశమంతా మన జనం రోడ్డెక్కారు, పార్లమెంటు 18ఎ సెక్షను తెచ్చింది, 2020లో సుప్రీంకోర్టే దాన్ని సరేనంది. అంటే చట్టాన్ని కాపాడుకోవడం మనకొచ్చు. నడిపించుకోవడమే రాలేదు. ప్రభుత్వ లెక్కల్లోనే 2022లో దళితుల మీద నేరాల కేసులు 57,582. ఆ కేసులన్నిటినీ ఎవరు నడుపుతున్నారన్నదే మా ప్రశ్న.

ఏ కుర్చీకి ఏ చదువు?

ముందు ఆ తల్లి అడిగిన కానిస్టేబులు ఉద్యోగం సంగతి. అది చెడ్డ ఉద్యోగం కాదు. ఇంటిల్లిపాదీ అన్నం తింటారు, ఊళ్ళో కాస్త గౌరవం. వద్దని మేం చెప్పం. కానీ అట్రాసిటీ కేసులో దర్యాప్తు చేసేది కానిస్టేబులు కాదు. 1995 రూల్సులో 7వ రూలు ప్రకారం డీఎస్పీకి తగ్గని అధికారి చేయాలి. కాబట్టి డిగ్రీ పాసైన పిల్లవాడు ఎస్సై పరీక్ష రాయాలి, గ్రూప్-1 రాసి డీఎస్పీ కావాలి, చేతనైతే ఐ.పి.ఎస్. దాకా పోవాలి. కానిస్టేబులుగా చేరినా చదువు మానొద్దు. చేరిన కుర్చీలోనే ముప్పై ఏళ్ళు కూర్చోవాలన్న రూలేమీ లేదు.

రెండోది లాయరు. ఇంటరు తర్వాత ఐదేళ్ళ లా, డిగ్రీ తర్వాత మూడేళ్ళ లా. రెంటికీ లాసెట్ రాయాలి. మనవాళ్ళకి ఇంటర్లోనో డిగ్రీలోనో 40 శాతం మార్కులుంటే చాలు. ఉస్మానియా, కాకతీయ, ఆంధ్రా, నాగార్జున, శ్రీ వేంకటేశ్వర, శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయాల్లో లా చదువుంది. ఇంకా పైమెట్టు జాతీయ లా యూనివర్సిటీలు. హైదరాబాదులో నల్సార్, విశాఖలో దామోదరం సంజీవయ్య పేరిట ఉన్నది. వాటికి క్లాట్ అనే పరీక్ష, అది ఇంగ్లీషులో ఉంటుంది. కర్నూలు జిల్లా పెదపాడు పల్లెలో పుట్టి, లా చదివి, 1960లో ఈ దేశంలోనే మొదటి దళిత ముఖ్యమంత్రి అయిన మనిషి పేరు ఆ గేటు మీద ఉంది. ఆ గేటు లోపలికి మన పల్లెల నుంచి ఎందరు పోతున్నారో ప్రతి ఊరూ లెక్క చూసుకోవాలి.

లా పాసైతే ఎన్ని దార్లో చూడండి. మూడేళ్ళు క్రిమినల్ కోర్టుల్లో ప్రాక్టీసు చేస్తే అసిస్టెంటు పబ్లిక్ ప్రాసిక్యూటరు పరీక్ష రాయొచ్చు. ఆ పోస్టులకు పోలీసు రిక్రూట్‌మెంటు బోర్డు నోటిఫికేషన్ ఇస్తుంది. కానిస్టేబులు నోటిఫికేషన్ కోసం ఎదురుచూసే మనం దీన్ని అసలు గమనించం. ఏడేళ్ళ ప్రాక్టీసుంటే అట్రాసిటీ కోర్టులో స్పెషల్ పి.పి.గా వేయొచ్చు. బాధితులు కోరితే పేరున్న సీనియర్ లాయరును కలెక్టరు ప్రత్యేకంగా నియమించవచ్చని 4వ రూల్లోనే ఉంది. అడగటానికి మన లాయరు ఉండాలి గదా! ఇక జూనియర్ సివిల్ జడ్జి. 2025 మే 20న సుప్రీంకోర్టు ఈ పరీక్షకు మూడేళ్ళ ప్రాక్టీసు ఉండాలని మళ్ళీ తీర్పు చెప్పింది. ఏడేళ్ళ ప్రాక్టీసుతో జిల్లా జడ్జి పోస్టుకే నేరుగా పోటీపడొచ్చు.

మూడోది, జనం మర్చిపోయే కుర్చీ. ముద్దాయి పక్కన నిలబడే కుర్చీ. మనం ఎప్పుడూ బాధితులమే కాదు, మన మీదా కేసులుంటాయి. కౌంటరు కేసులు, దొంగతనం అంటగట్టిన కేసులు, భూమి అడిగినందుకు పెట్టిన కేసులు. 2022 లెక్క ప్రకారం దేశంలో జైళ్ళలో ఉన్న ప్రతి నలుగురిలో ముగ్గురు ఇంకా విచారణ ముగియనివాళ్ళే. జనాభాలో మనం 16.6 శాతం, జైళ్ళలో సుమారు ఐదో వంతు మనమే. బెయిలు వచ్చినా పూచీకత్తు పెట్టేవాడు లేక లోపలే ఉండిపోయేవాళ్ళున్నారు. 1987 చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయరును ఇవ్వాలి. 2022 నుంచి జిల్లాల్లో లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్ అని జీతం మీద లాయర్లను తీసుకుంటున్నారు. కొత్తగా లా పాసైనవాళ్ళకు కూడా అందులో అసిస్టెంటు పోస్టులున్నాయి. నెల జీతం, చేతినిండా కేసులు. మన పిల్లలకు ఇంతకంటే మంచి బడి ఏముంటుంది?

నాలుగోది లేబరేటరీ. సైన్సు చదివే పిల్లలారా, ఇది మీకు. 2024 జూలై 1 నుంచి పాత సి.ఆర్.పి.సి. పోయి కొత్త నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. ఏడేళ్ళు, ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు స్వయంగా సంఘటన స్థలానికి వెళ్ళి ఆధారాలు సేకరించాలని అందులో రాశారు. దీన్ని అమలు చేయటానికి రాష్ట్రాలకు ఐదేళ్ళ దాకా గడువిచ్చారు. ఆ పని చేసే మనుషుల అవసరం పెరగక తప్పదు. ఉస్మానియాలో ఫోరెన్సిక్ సైన్సు ఎమ్మెస్సీ ఉంది. గాంధీనగర్లో 2020 చట్టంతో ఏర్పడిన జాతీయ ఫోరెన్సిక్ విశ్వవిద్యాలయం ఉంది. కెమిస్ట్రీ, బయాలజీ చదివి ఏ మందుల కంపెనీలోనో షిఫ్టులు చేస్తున్న మన పిల్లలకు ఈ మాట ఎవరూ చెప్పలేదు. సాక్షిని బెదిరించి అడ్డం తిప్పొచ్చు గానీ రక్తపు మరకను బెదిరించలేరు. దాన్ని సకాలంలో సీలు చేసి, నిజాయితీగా పరీక్షించే మనిషి ఉంటే చాలు.

ఐదోది నేరశాస్త్రం, సోషల్ వర్కు. ముంబయిలోని టాటా సంస్థలో, మద్రాసు విశ్వవిద్యాలయంలో ఈ చదువులున్నాయి. చదివినవాళ్ళు ప్రొబేషన్ ఆఫీసర్లుగా, జైళ్ళలో సంక్షేమ అధికారులుగా, పిల్లల రక్షణ యూనిట్లలో పనిచేయొచ్చు. పిల్లల మీద కేసులు విచారించే జువెనైల్ బోర్డులో మెజిస్ట్రేటుతో పాటు ఇద్దరు సోషల్ వర్కర్లుండాలి, వాళ్ళలో ఒకరైనా స్త్రీ కావాలని చట్టం. జైల్లో కూడా కులం చూసి చీపురు ఇచ్చేవాళ్ళని 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు సాక్షాత్తూ తీర్పులో రాసి ఆ రూల్సు కొట్టేసింది. ఆ తీర్పు జైలు గోడ లోపల అమలు కావాలంటే లోపల చూసే కళ్ళు మనవి కావాలి.

ఇంకా చదవాలనుకునేవాళ్ళకు లాసెట్ మాదిరే పీజీఎల్‌సెట్ రాసి ఎల్.ఎల్.ఎం. ఉంది. అందులో క్రిమినల్ లా తీసుకుని, నెట్ పాసై, పరిశోధన చేసి లా కాలేజీలో మాస్టారు కావొచ్చు. ఇది చిన్న కుర్చీ అనుకోవద్దు. రేపటి జడ్జీకి అట్రాసిటీ చట్టాన్ని పాఠంగా చెబుతాడా, "దుర్వినియోగం" అని నవ్వుతూ చెబుతాడా అన్నది ఆ మాస్టారి మీదే ఉంది.

డబ్బు, ఇంగ్లీషు, మొదటి మూడేళ్ళు

ఇవన్నీ చెప్పటం తేలికే. అడ్డంకులూ చెప్పాలి.

మొదటిది డబ్బు. స్కాలర్‌షిప్పు, ఫీజు రీయింబర్స్‌మెంటు ఉన్నాయి. అవి ఎప్పుడొస్తాయో తెలీక కాలేజీ వాడు సర్టిఫికెట్లు పట్టుకుని కూర్చుంటాడు. కాబట్టి ప్రభుత్వ, యూనివర్సిటీ కాలేజీలో సీటు కోసం మొదట ప్రయత్నించండి. "క్రిమినల్ జస్టిస్ డిప్లొమా, ఉద్యోగం గ్యారంటీ" అని కరపత్రాలు పంచే చోట్ల జాగ్రత్త. లా డిగ్రీకి బార్ కౌన్సిల్ గుర్తింపు ఉందా, మిగతా కోర్సుకు యు.జి.సి. గుర్తింపు ఉందా అని అడిగి, కాగితం చూసి, ఆ తర్వాతే రూపాయి కట్టండి.

ఇంకో సంగతి ప్రతి ఊళ్ళో చెప్పాలి. లా పాసైన తర్వాత లాయరుగా నమోదు కావటానికి బార్ కౌన్సిళ్ళు వేలకు వేలు గుంజేవి. 2024 జూలై 30న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. చట్టంలో రాసిన ఫీజే తీసుకోవాలి, అంతకు మించి కుదరదంది. ఇతరులకు 750 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకు 125 రూపాయలు. నూట ఇరవై ఐదు! ఫీజుకు భయపడి నల్లకోటు మానేసిన పిల్లలెవరన్నా మీ ఊళ్ళో ఉంటే ఈ మాట చదివి వినిపించండి.

రెండోది ఇంగ్లీషు. కింది కోర్టుల్లో సాక్ష్యం తెలుగులో చెప్పొచ్చు. పైకోర్టుల్లో వాదన ఇంగ్లీషే. దాచి లాభం లేదు. మొదటి ఏడాది నుంచే రోజుకో తీర్పు చదవటం అలవాటు చేసుకోవాలి. తీర్పులు ఇప్పుడు ఫోన్లోనే ఉచితంగా దొరుకుతున్నాయి. ఇంగ్లీషు ఎవడబ్బ సొత్తూ కాదు. బాబాసాహెబ్ లండన్లో బారిస్టరయ్యి, బొంబాయిలో కేసులు వాదించాడు. 1927లో మహద్ చెరువు నీళ్ళు తాగినందుకు మనవాళ్ళను తలలు పగలగొట్టారు. ఆ తర్వాత అగ్రకులాలు కోర్టుకెక్కాయి. ఆ కేసు పదేళ్ళు నడిచి 1937 మార్చి 17న బొంబాయి హైకోర్టులో మన పక్షాన తేలింది. ఆయన చెరువు దగ్గరా నిలబడ్డాడు, కోర్టులోనూ నిలబడ్డాడు. ఒకటి చేసి రెండోది వదల్లేదు.

మూడోది అన్నిటికన్నా గట్టిది. లా పాసయ్యాక మొదటి మూడేళ్ళు. సీనియర్ దగ్గర ఫైళ్ళు మోయాలి. చేతికి వచ్చేది టీ ఖర్చులకు సరిపోదు. అమ్మానాన్నలు కూలికి పోతుంటే కొడుకు నల్లకోటేసుకుని ఉత్త చేతులతో ఇంటికొస్తాడు. ఊరంతా నవ్వుతుంది. వాడు కోటు విప్పేసి ఏ సెక్యూరిటీ గార్డు ఉద్యోగానికో పోతాడు. మనం పోగొట్టుకునే లాయర్లలో ఎక్కువమంది కాలేజీలో కాదు, ఈ మూడేళ్ళలోనే పోతున్నారు. జూనియర్లకు పట్నాల్లో నెలకు 20,000, పల్లె ప్రాంతాల్లో 15,000 ఇవ్వమని 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ సిఫారసు చేసింది. సిఫారసు కడుపు నింపదు. ఏపీపీకీ జడ్జీకీ మూడేళ్ళ ప్రాక్టీసు ఉండాలన్నారు గదా. ఆస్తిపరుడి కొడుక్కి ఆ మూడేళ్ళు అనుభవం, మనవాడికి ఆకలి. కాబట్టి ఎస్సీ లా పట్టభద్రులకు ఆ మూడేళ్ళూ బతకగలిగినంత స్టైపెండు ప్రభుత్వం నెలనెలా ఇచ్చి తీరాలి. ఇది మన డిమాండ్ల కాగితంలో పైవరసలో ఉండాలి.

ఉద్యమం వదిలేయమంటున్నారా?

కొందరు మిత్రులు మమ్మల్ని అడుగుతారు. "ఈ వ్యవస్థలో కుర్చీలు ఎక్కితే ఏమొస్తుంది? మనవాడు ఎస్సై అయినా లాఠీ మన వీపు మీదే ఆడింది గదా?" అని. నిజమే. అట్లాంటివాళ్ళను మేమూ చూశాం. కుర్చీ ఎక్కగానే ఇంటిపేరు మార్చుకున్నవాళ్ళు, పేటకి రావటం మానేసినవాళ్ళు, పై ఆఫీసరుకు భయపడి కేసు నీరుగార్చినవాళ్ళు ఉన్నారు. కులం మనదైనంత మాత్రాన కలం మనది కాదు.

కానీ దానికి మందు చదువు మాన్పించటం కాదు. బొజ్జా తారకం గారిని గుర్తుచేసుకోండి. హైకోర్టులో ప్రభుత్వ లాయరుగా ఉండి, కారంచేడు తర్వాత ఆ పదవికి రాజీనామా ఇచ్చి జనంలోకి వచ్చాడు. "పోలీసులు అరెస్టు చేస్తే" అని పుస్తకం రాసి చట్టాన్ని పల్లె చేతిలో పెట్టాడు. ఆయనకు లా రాకపోతే ఆ పుస్తకం లేదు. ఆయనకు ఉద్యమం లేకపోతే కూడా ఆ పుస్తకం లేదు. మనకు కావాల్సింది ఆ రెండూ ఉన్న మనుషులు. ధర్నా కేసు కట్టిస్తుంది. చదువు ఆ కేసును శిక్ష దాకా నడిపిస్తుంది. రెండు కాళ్ళూ ఉంటేనే నడక.

ఊళ్ళు ఏం చేయాలి?

ఒకటి. ప్రతి మండలంలో ఈ ఏడాది ఇద్దరిని లాసెట్ రాయించండి. ఇద్దరిలో ఒకరు ఆడపిల్ల కావాలి. మన ఆడపిల్లల మీద జరిగే ఘోరాలు సగం స్టేషను గుమ్మం దాకా రాకపోవటానికి కారణం, గుమ్మం లోపల చెప్పుకోదగ్గ ఆడమనిషి లేకపోవటమే.

రెండు. అంబేడ్కర్ జయంతికి ఫ్లెక్సీలకు, డప్పులకు పెట్టే ఖర్చులో కొంత పక్కన తీసి, లా పాసైన పిల్లవాడికి ఆ మూడేళ్ళు ఊరే నెలకింత ఇవ్వండి. బదులుగా వాడు నెలకో ఆదివారం పేటలో కూర్చుని కాగితాలు చదివిపెట్టాలి. ఇది దానం కాదు, ఒప్పందం.

మూడు. పెద్ద చదువులేని కార్యకర్తలు కూడా జిల్లా లీగల్ సర్వీసెస్ సంస్థలో పారా లీగల్ వాలంటీరుగా చేరొచ్చు. శిక్షణ ఇస్తారు. కంప్లయింటు రాయటం, ఎఫ్.ఐ.ఆర్. కాపీ ఉచితంగా అడిగి తీసుకోవటం, గాయాల సర్టిఫికెట్టు చూడటం, ఈ మూడూ వచ్చిన మనిషి ప్రతి పేటలో ఒకరుండాలి.

నాలుగు. ఇప్పటికే ఉద్యోగాల్లో ఉన్న మన ఎస్సైలు, ఏపీపీలు, కోర్టు గుమాస్తాలు, లాయర్లు ఏడాదికి ఒక్కరోజు హాస్టళ్ళకు, గురుకులాలకు వెళ్ళి పిల్లలకు దారి చెప్పండి. మీరు ఎక్కిన నిచ్చెన ఎక్కడుందో వాళ్ళకు తెలీదు. ఎక్కినవాళ్ళు చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు?

అమ్మా, నువ్వడిగినదానికి ఇదీ మా జవాబు. నీ కొడుకును కానిస్టేబులు పరీక్ష రాయనీ. దానితో పాటు లాసెట్ కూడా రాయించు. వాడు నల్లకోటు వేసుకున్న రోజు మొదటి మూడేళ్ళు వాడి అన్నం బాధ్యత నీ ఒక్కదానిది కాదు, మా అందరిదీ. ఆ మాట మేం తప్పితే మళ్ళీ మీటింగులోనే, అందరి ముందూ లేచి నిలబడి మమ్మల్ని అడుగు.

జై భీమ్!